మంచెయు మోకును

గడచిన సంక్రాంతికి మా మేనల్లుడు పెన్సిల్వేనియానుండి తాడేపల్లిగూడెము వచ్చినప్పుడు తనవెంట నొక నల్లని సంచి తెచ్చెను. అందు చీరలు లేవు, చాక్లెట్లు లేవు. మూరెడేసి పొడవుగల అల్యూమినియపు మెట్లు నాలుగు, రెండు పాదములు పట్టునంతటి చిన్న పీట యొకటి, నడుమునకును తొడలకును తగిలించుకొను గట్టిగుడ్డ పట్టెడ యొకటి, కొన్ని త్రాళ్లు మాత్రముండెను. నా భార్య వానిని చూచి, "ఇదేమిటి అబ్బాయీ, మీ మామయ్యకి గుర్రపు జీను తెచ్చావా?" అని యడిగెను. అతడు నవ్వి, "దీన్ని మా ఊళ్లో జీను అనే అంటారు అత్తయ్యా. కాని ఇది గుర్రానికి కాదు, చెట్టుకి" అనెను.

ఆ సంచి నాకొఱకే వచ్చినది. అంతకు ముందటి చైత్రమాసమున నేనొక చెట్టుమీదినుండి పడి కుడిచేతి మణికట్టు విఱుగగొట్టుకొంటిని. నలువదియైదేండ్ల బడిపంతులు చెట్టెక్కుటయేమి, పడుటయేమి యని చదువరులు నవ్వవచ్చును. మా బడిపిల్లలు నవ్వనే నవ్విరి. ఆఱువారములు నేను నల్లబల్లమీద నెడమచేతితో వ్రాసిన యక్షరములను చూచి, తమ వ్రాతయే మేలని సంతోషించిరి.

సంగతి యిది. పోలవరము అడవులంచున, మెట్టప్రాంతమున, మా పినతల్లి కుమారునకు జీడిమామిడితోట కలదు. తోటకొసను రెండు ఇప్పచెట్లున్నవి. వేసవి తొలినాళ్లలో ఇప్పపూవు వేకువజామున నేలరాలును. దానిని తినుటకు చుక్కలదుప్పులు అడవినుండి దిగివచ్చునని మా తమ్ముడు చెప్పెను. జంతుప్రదర్శనశాలలో తప్ప దుప్పిని చూచి యెఱుగనివాడను. శాకుంతలము మొదటి యంకమున పరుగిడు లేడిని ఎన్నియో సంవత్సరములుగా పిల్లలకు వర్ణించి చెప్పుచు, నిజమైన దుప్పి పూవు కొఱుకునప్పటి చప్పుడెట్టిదో తెలియకపోవుట నాకు లోటుగా తోచినది. అందుచేత తోటలోని ఇప్పచెట్టుమీద నొక మంచె కట్టుకొంటిని. కట్టిన త్రాడు గతసంవత్సరమంతయు ఎండలోను వానలోను పడియున్న కొబ్బరిపీచు త్రాడు. మూడవనాటి వేకువను అది తెగినది.

మంచె మనకు క్రొత్త వస్తువు కాదు. నాలుగు గుంజలు పాతి, పైన తడక పఱచి, వడిసెల చేతబట్టి జొన్నచేను కాచుట మన పల్లెలలో తరతరములుగా నున్న పనియే. సంస్కృతమున మంచ శబ్దమునకు పడుకొను మంచమనియు, ఎత్తైన వేదిక యనియు రెండర్థములు కలవు. మన మంచమును, మంచెయు, హిందీవారి మచానును ఆ యొక్క తల్లి బిడ్డలే. ఆ మచానునే ఇంగ్లీషు దొరలు తమ వేటకథలలోనికి గొనిపోయిరి. ఇంత వ్యుత్పత్తి తెలిసియు నేను పడితిని. రుహ ధాతువునకు ముందు 'ఆ' చేర్చిన ఆరోహణము, 'అవ' చేర్చిన అవరోహణము అని ఇరువదియేండ్లుగా పాఠము చెప్పుచున్నాను. ఆ రెంటికిని నడుమనున్నది త్రాడని మాత్రము నాకు తెలియలేదు.

క్రిందపడి, చేయి పట్టుకొని, తమ్ముడు వచ్చువఱకు నేలమీద కూర్చుండియున్నప్పుడు నాకు మా మాతామహుని వేటకథ యొకటి జ్ఞప్తికి వచ్చినది. ఆయన తుపాకి లైసెన్సు గలవాడు. నాటికింకను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రాలేదు. ఆయన వేటకు పోవు ముచ్చటను మా యింట పండుగలందెల్ల చెప్పుకొనెడివారు. నులకమంచ మొకటి, వెదురుబొంగులు ఆఱు, పరుపు, దుప్పటి, మఱచెంబు, ఫలాహారపు డబ్బా. ఇన్నిటిని మోయుటకు నలుగురు పాలేళ్లు. ప్రొద్దు వాలకమునుపే వారు మంచమును చెట్టుమీదికెక్కించి కొమ్మలకు బిగించి, ఆయనను దానిపై కూర్చుండబెట్టి, గట్టిగా మాటలాడుకొనుచు మరలిపోయెడివారు. మనుష్యులు వెడలిపోయిరని మృగములు నమ్మవలెనని వారి యుపాయము.

ఒకనాడాయన పెద్ద కణితిని కొట్టెను. మఱునాటి యుదయమున మంచమును దింపునప్పుడు పాలేళ్లలో నొకడు కాలుజాఱి పడెను. తుంటియెముక విఱిగెను. నా చిన్నతనమున అతడు మా తాతగారి పెరటిలో పశువులకు మేత వేయుచుండెడివాడు. ఒక కాలీడ్చుచు నడచెడివాడు. ఇంటి కథలో కణితి కొమ్ముల పొడవు ఎన్ని జానలో అందఱకు తెలియును. అతనికి మాత్రమొక్క వాక్యమే దక్కినది: "ఆ రోజే మంచం దింపుతూ వాడు జారిపడ్డాడు, ఎంత నవ్వుకున్నామో!" ఆ వాక్యమువద్ద నవ్విన పిల్లలలో నేనును ఒకడను.

నా కుడిచేయి విఱిగినప్పుడు నన్నెత్తి కారులో పరుండబెట్టి ఏలూరు తీసికొనిపోయినవారు కలరు. అతనినెవరు తీసికొనిపోయిరో, ఎంతకాలము మంచమున పడియుండెనో మా కథలో లేదు. ఆలోచింపగా నాకొక సంగతి తోచినది. మా తాతగారి మంచె అంత బరువుగా నుండుటకు కారణము దానిని ఆయన మోయకుండుటయే. తన బరువు తాను మోసికొనువాడు ప్రతివస్తువును చేతబట్టి, ఇది కావలెనా, దీనిని విడిచిన నేమగును అని యడుగును. పరుల భుజములమీద మోయించువానికా ప్రశ్న పుట్టదు.

మా మేనల్లునకా ప్రశ్న పుట్టినది. అతడున్న సీమలో తెల్లతోక జింకల వేట నేరము కాదు. లైసెన్సుండవలెను; ఋతువు కలదు; ఎవరెన్నిటిని కొట్టవచ్చునో ప్రభుత్వమే నిర్ణయించును. పూర్వము జింకలను తిను తోడేళ్లు అక్కడ నశించినవి. జింకలు పెరిగి అడవిలో మొలకను పైకి రానీయవు. వేటకాలము మొదలగుతఱి అచ్చట చాల పాఠశాలలకు సెలవిచ్చుట వాడుక యని విని, బడిపంతులనైన నేను రెండు మాఱులడిగి నిశ్చయించుకొంటిని. వేట మంచిదా చెడ్డదా యని మేమిద్దఱము వాదించుకొనక పోలేదు. మనుధర్మశాస్త్రము కామమువలన పుట్టిన వ్యసనములు పదింటిలో మృగయను మొదట లెక్కించినదని నేనంటిని. "అక్కడి అడవి సంగతి మనువుకి తెలీదు కదా మామయ్యా" అని అతడనెను. వాదమంతటితో నిలిచినది.

అతడు తెల్లవాఱకమునుపే సర్కారు అడవిలో రెండుమైళ్లు నడచును; నేడొక చెట్టు, రేపొక చెట్టు. పాలేళ్లు లేరు. అంతయు వీపుమీదనే. కావున అచ్చటి మంచెల రకములన్నిటిని తూచి చూచినాడు. నిచ్చెనతో కూడినది 30 కిలోలు దాటును. ఒకచోట నిలిపిన నక్కడనే యుండవలసినది. రెండవది పట్టీతో మానునకు బిగించు పీట. అల్యూమినియముతో చేసినది 5, 6 కిలోలుండును, ఎక్కుటకు మెట్లు వేఱుగా కావలెను. మూడవది ప్రాకెడు పీట. దానిలో రెండు భాగములు. పైదానిపై బరువుంచి క్రిందిదానిని కాళ్లతో లాగుకొని, క్రిందిదానిపై నిలిచి పైదానిని చేతులతో జరుపుకొనుచు ఎక్కవలెను. దాని బరువు 9 కిలోల చాయ. కొమ్మలులేని నిట్రాటవంటి మానుండవలెను. నాల్గవది జీను. అది కిలోకు అటునిటు. దానిని తొడిగినవాడు చెట్టువైపు మొగము పెట్టి, త్రాటికానుకొని, చిన్నపీటమీద పాదములూని వ్రేలాడును. ఉక్కు బరువులో అల్యూమినియము మూడవవంతే గాన ఇవన్నియు ఇంత తేలికైనవి.

"అయితే అన్నిటికంటె తేలికైనదే మేలా?" అని అడిగితిని. కాదనెను. మిక్కిలి చిన్నపీటపై కాళ్లు తిమ్మిరెక్కును; తిమ్మిరెక్కినవాడు కదలును; కదలినవానిని జింక చూచును. లోహము లోహమునకు తగిలి మ్రోగిన ఆనాటి పని ముగిసినట్లే. అందుచేత అతడు మెట్లకు గుడ్డపట్టీలు చుట్టినాడు. పిదప త్రాళ్లనెత్తి చూపి యిట్లు చెప్పెను: "దేని బరువైనా తగ్గించుకోవచ్చు మామయ్యా, దీనిది మాత్రం తగ్గించకూడదు. నేలమీద కాలుండగానే కట్టుకోవాలి. మళ్లీ నేల తగిలాకే విప్పాలి." ఎక్కుచు దిగుచు, పీటమీదికి అడుగిడునప్పుడే యెక్కువమంది పడుదురట. చేతిలో వస్తువు పట్టుకొని ఎక్కరాదు. పైకెక్కి త్రాటితో చేదుకొనవలెను. ఎండకు మాగిన పట్టీని నమ్మరాదు. పడి పట్టెడలో వ్రేలాడువానికి నెత్తురు కాళ్లలో నిలిచి ప్రాణాపాయము కలుగును గాన, కాలూనుటకొక ఉచ్చుత్రాడు దగ్గఱ నుండవలెను. ఏ చెట్టెక్కుచున్నావో ఇంట చెప్పిపోవలెను. ఈ కడపటి నియమమును నా భార్య మఱియొకమాఱు చెప్పించుకొనెను.

వేటాడువాని పీట మనకేల యని ఆమెకింకను సంశయముండెను. మన దేశమున 1991 నాటి సవరణతో లైసెన్సు వేటకు కూడ స్వస్తి చెప్పినారు. మఱునాడు మేమందఱము కైకలూరు దగ్గఱి ఆటపాకకు పోతిమి. కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యమైనవి. 2002లో ఆ సరస్సు రామ్‌సారు చిత్తడినేలల పట్టిక కెక్కినది. ఆటపాకలో గూడబాతులకు చెట్లు చాలక, అటవీశాఖవారు నీటినడుమ ఇనుప మంచెలు నిలిపినారు. వానిమీద గూళ్లు కట్టి, పక్షులు పిల్లలను పెంచుచున్నవి. నా భార్య చాలసేపు చూచి, "ఈ మంచెలే బాగున్నాయి" అనెను. మంచె ఎక్కినవాడు చంపియే దిగవలెనన్న నియమము లేదని ఆమె సెలవిచ్చినట్లే నేను గ్రహించితిని.

మేనల్లుడు మూడవ నాల్గవ రకముల మంచెలను వర్ణించుచుండగానే వీనిని నేనెక్కడనో చూచితినని నాకు తోచుచుండెను. ఆటపాకనుండి మరలివచ్చుచుండగా దారిప్రక్క తాళ్లతోపులో నాకది కనబడినది. మా బడిలో తొమ్మిదవతరగతి చదువు నొక బాలిక తండ్రి కల్లుగీతపనివాడు. మఱునాటి యుదయమున సంచి తీసికొని మేమిద్దఱము ఆయనయొద్దకు పోతిమి.

ఆయన ప్రతివస్తువును చేతబట్టి తూచినట్లు చూచి, "ఇది కూచోడానికాండి మేష్టారూ, ఎక్కడానికాండి?" అని యడిగెను. ఇన్ని దినములుగా మాలో నెవరికిని తోచని ప్రశ్న. రెండింటికి ననగా, "కూచోడానికైతే బాగుందండి. ఎక్కడానికైతే నా మోకు చాలండి" అనెను. అని, మోకును నడుమునకును తాటిమానునకును చుట్టి, పాదముల నడుమ బందము వేసికొని, వెనుకకు వ్రాలుచు మోకును పైకి విసరుచు, నేను నా కండ్లజోడు తుడిచికొని పెట్టుకొనులోపల మట్టలదాక పోయెను. అక్కడ మోకుమీద నానుకొని, రెండుచేతులు విడిచి, గెల గీయుచుండెను. మేనల్లుడు నా చేయి పట్టుకొని, "మామయ్యా, ఇది మా జీనే!" అనెను. అవును. నడుమునకు త్రాడు, మానునకు పాదము, దేహపు బరువే పట్టు. అమెరికావారు ఎన్నియో నమూనాలు మార్చి, విలువపెట్టి అమ్ము నుపాయము మా యూరి తాటితోపులో ప్రతిదినమును ఉదయసాయంకాలములు జరుగుచున్నది. అల్యూమినియపు మెట్టొక్కటియు లేదు.

కల్లు మంచిదికాదని ఈ పత్రిక చదువువారనవచ్చును. నేనును త్రాగను. కాని దోషము కల్లులోనిది, మోకులోనిది కాదు. ముంజలును, తాటిబెల్లమునకు కావలసిన నీరాయు ఆ మోకుమీదనే దిగివచ్చును. వ్యసనమును ద్వేషించుచు పనివాని నేర్పునుగూడ దానితోపాటు మూటగట్టి పాఱవైచుట మనవంటి చదువుకొన్నవారికి చిరకాలపు అలవాటు.

ఆయన దిగివచ్చినపిదప మేనల్లుడు తన రక్షణత్రాటిని చూపెను. అది మానునకు చుట్టియుండును. దానిమీద నొక సన్నని త్రాటిముడి. 1931లో ప్రూసికను ఆస్ట్రియా పర్వతారోహకుడు దానిని వెల్లడించెనట. వదులుగానున్నప్పుడు చేతితో నెటునైనను జరుగును. బరువు పడెనా, పట్టుకొని కదలదు. గీతపనివాడు దానిని జరిపెను, లాగెను, తన బరువంతయు వేసి వ్రేలాడెను. మరల జరిపెను. పిదప ముడిని చేతబట్టుకొని, "మా అన్నయ్య పడ్డప్పుడు ఇలాంటిదుంటే..." అని ఆగిపోయెను. వానకు తడిసిన మానుమీద మోకు జాఱినదని, ఎనిమిదేండ్లయినదని, తరువాత చెప్పెను. ఆ యన్న పిల్లలను ఈయనయే పెంచుచున్నాడు. మా బడిలోని బాలిక ఆ యన్న కూతురేనని నాకు నాడే తెలిసినది.

అప్పుడు నేను సిగ్గుపడితిని. సరదాకు సంవత్సరమున నాలుగుమాఱులెక్కు నాకు రెండు త్రాళ్లు, పట్టెడ, ఉచ్చు. ప్రతిదినము పదుల చెట్లెక్కువానికొక్కటే మోకు. తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో కాటమయ్య రక్షణ కవచమను పేర గీతకార్మికులకు పట్టెడలును త్రాళ్లును గల సాధనములనిచ్చుటకు పూనుకొన్నది. అది మంచిపని. ఇట్టిది తాటిచెట్టున్న ప్రతియూరికిని, కొలతకు తగినట్లు, ఎక్కువాని నడిగి చేసి, నేర్పి, అందవలెను. ఎక్కువాని నడుగక చేసిన సాధనము అటకమీద చేరును. ఎందుకనగా ఆయన మా రక్షణత్రాటిని మెచ్చియు, "ప్రతి చెట్టుకీ విప్పి కట్టాలంటే పొద్దెక్కిపోద్దండి" అని వెంటనే చెప్పెను. మేనల్లుడును ఆయనయు రెండు దినములు కూర్చుండి, మోకుతోపాటే జరుగునట్లు ఆ ముడినొక పొట్టి త్రాటికి కుదిర్చిరి. నిలువెత్తునకు మించకుండ నూఱుమాఱులు పరీక్షించిరి. ఆ త్రాడు ఆయనకడనే యున్నది. వానపడిన దినములందు కట్టుకొనుచున్నాడు.

చైత్రమున నేను మరల తోటకు పోతిని. గీతపనివాడు నాతో వచ్చి, ఇప్పచెట్టును చుట్టి చూచి, మానును అరచేతితో తట్టి, పడమటి కొమ్మ పుచ్చినదని చెప్పి, తూర్పుకొమ్మ క్రింద కట్టించెను. నాచేతనే మూడుమాఱులు ఎక్కించి దింపించెను. దినకూలియు, దానిపైన మఱికొంతయు ఇయ్యబోగా కూలి మాత్రము తీసికొని, "మా పిల్లకి మీరు చదువు చెబుతున్నారు, మీకు నేను చెట్టు చెప్పానండి. సరికి సరి" అనెను. నా జన్మలో నేనందుకొన్న పట్టాలలో ఇది యొకటి.

నా సంచి బరువు ఆఱు కిలోలు. మెట్లు, పీట, పట్టెడ, రెండు త్రాళ్లు, ఉచ్చు, నీళ్లసీసా. 15 అడుగుల యెత్తునకు మించి పోలేదు. వేకువజామున వచ్చినవి. మొదట ఎండుటాకులమీద అడుగు, పిదప మెత్తని కొఱుకుడు, నడుమనడుమ గింజుకొను పిల్లయొక్క బుసబుస. వెలుతురు రాకమునుపు చప్పుడే యున్నది. ఆ చప్పుడు చాలును, తుపాకి గుఱి దానంతట అదే కుదురునని మా తాతగారనెడివారట. దశరథుడును సరయూతీరమున చీకటిలో చప్పుడునే నమ్మెను, క్రిందపడినది మునికుమారుడు. నా చేతిలో నేమియు లేదు. వెలుతురు వచ్చెను. తల్లియు పిల్లయు, కొంతదూరమున కొమ్ములుగల పోతు. పావుగంట తిని వెడలిపోయినవి. నేల తగిలిన పిదపనే త్రాడు విప్పుకొంటిని.

ఆ తోటనుండి తిన్నగా మా మేనమామ యింటికి పోతిని. అనుమతిపత్రముగల ఆ కణితికొమ్ములు నేటికిని ఆయన గోడమీద నున్నవి. పాలేరు పేరేమని అడిగితిని. ఆయనకు వెంటనే గుఱుతురాలేదు. అత్తయ్య వంటయింటినుండి చెప్పినది. అతడు పోయి పండ్రెండేండ్లయినదట. మొన్న చుట్టములు చేరినప్పుడు ఎవరో పిల్లలకు కణితికథ మొదలుపెట్టిరి. కొమ్ముల పొడవు చెప్పిరి. మంచము దింపు ఘట్టము వచ్చినది. నేను కలుగజేసికొని ఆ పేరు చెప్పితిని. ఎంత యెత్తునుండి పడెనో, ఏ యెముక విఱిగెనో, ఏ కాలీడ్చెనో చెప్పితిని.

ఎవరును నవ్వలేదు. ఒక చిన్నపిల్ల మాత్రము, "ఆయనకి తాడు కట్టలేదా తాతయ్యా?" అని మా మేనమామ నడిగినది.